గుఱ్ఱము, దాణా, మందు

ఓరుగల్లునుండి సికింద్రాబాదునకు పోవు రైలుమార్గమున, కాజీపేటకును జనగామకును నడుమ స్టేషన్ ఘన్‌పూర్ అను ఊరు కలదు. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిదై, 2016లో క్రొత్తగా ఏర్పడిన జనగామ జిల్లాలో చేరిన ఈ ఊరి పేరులోనే ఒక యుగము ముగిసిన గుర్తు ఉన్నది. నిజాము రాజ్యమున వేసిన ఇనుపదారి 1874లో వాడినుండి సికింద్రాబాదునకు వచ్చినది. 1886లో వరంగల్లు వైపునకు సాగినది. 1889లో బెజవాడను చేరినది. ఘన్‌పూర్ పేరునకు ముందు 'స్టేషన్' అను మాట చేరినది ఆ దారి వచ్చిన తరువాతనే. అంతకుముందు ఈ నేలమీద వేగముగా పోవలెనన్నచో మనిషికి ఆధారము గుఱ్ఱమొక్కటే. రైలు వచ్చిన పిదపకూడ చాలకాలమువరకు, స్టేషనునుండి ఇంటికి చేర్చిన జట్కాబండిని లాగినది గుఱ్ఱమే.

గుఱ్ఱముల చరిత్ర యనగానే మనకు యుద్ధములు, జయస్తంభములు, రాజుల ఊరేగింపులు గుర్తునకు వచ్చును. మనము నేడు చూడబోవునది అది కాదు. ఆ గుఱ్ఱము ఏమి తిన్నది, దాని కాలు ఎందుకు చెడినది, దానికి ఏ మందు ఇచ్చినారు అనునదే మన ప్రశ్న. ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. కాని దీనివెనుక ఏడువందల సంవత్సరములనాటి ఒక వింత దాగియున్నది. ఆ వింతకు సమాధానము మన కాలములోనే దొరకినది.

కాకతీయుల కాలమున అశ్వబలమునకు ఎంతటి ప్రాముఖ్యము ఉండెనో 'సాహిణి' అను బిరుదే చెప్పుచున్నది. గణపతిదేవుని కొలువున కాయస్థ నాయకుడైన గంగయసాహిణి అశ్వసేనకు అధిపతి. 1310లో మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు సంధి చేసికొని ఇచ్చిన ధనములో 100 ఏనుగులు, 7,000 గుఱ్ఱములు ఉండెనని ఢిల్లీ చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ వ్రాసినాడు. ఆనాటి చరిత్రకారుల లెక్కలు ఒకదానితో నొకటి సరిపోవు. అయినను ఒక విషయము స్పష్టము. కోటలోని బంగారముతో సమానముగా లెక్కకు వచ్చిన సొత్తు గుఱ్ఱము.

ఇంతటి విలువ ఎందుకు? మేలుజాతి గుఱ్ఱము దక్షిణదేశమున పుట్టి పెరుగుట అరుదు. కృష్ణా భీమా నదుల లోయలలో గట్టి తట్టువలు ఉండెడివి. అవి బక్కగడ్డి మేసి, కొండదారులలో అలసట లేక నడచెడివి. కాని బరువైన కవచము ధరించిన రౌతును మోయుటకు రాజులు కోరినది అరబ్బు, పారసీక దేశముల గుఱ్ఱము. అది ఓడలలో రావలెను. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనము సముద్ర వర్తకులకు భద్రత కల్పించినది. తరువాతి కాలమున శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిని చెప్పుచు, ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరించి దగ్గరకు తీసికొనవలెనని ఉపదేశించినాడు. ఆ వర్తకులు శత్రురాజు పక్షమునకు పోయినచో గుఱ్ఱములును అటే పోవును గదా!

వింత ఇక్కడనే మొదలగుచున్నది. ఇంత ధనము పోసి కొన్న గుఱ్ఱములు బ్రదుకుట లేదు.

పదమూడవ శతాబ్ది చివర కోరమాండలు తీరమునకు వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రాజ్యమును, దానిని పాలించిన రాణిని ప్రశంసించినాడు. దానికి దక్షిణముననున్న పాండ్యదేశమును 'మాబారు' అని పేర్కొని, అచటి రాజులు ఒక్కొక్కరు ఏటా 2,000కు పైగా గుఱ్ఱములను కొందురనియు, సంవత్సరము తిరుగునప్పటికి వానిలో 100 అయినను మిగులవనియు వ్రాసినాడు. కారణముకూడ చెప్పినాడు. అచటివారికి గుఱ్ఱమును సాకుట తెలియదట. వండిన అన్నము, మాంసము పెట్టుదురట. గుఱ్ఱపు వైద్యము తెలిసినవారు ఆ దేశమునకు పోకుండ వర్తకులే అడ్డుపడుదురట. ఎన్ని గుఱ్ఱములు చచ్చిన అన్ని క్రొత్తవి అమ్మవచ్చునుగదా!

కొద్దికాలము తరువాత పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ అదే దేశమునుగూర్చి మరింత వివరముగా వ్రాసినాడు. ఏటా 1,400 గుఱ్ఱములు పంపుటకు ఒడంబడిక. ఒక్కొక్కదాని వెల 220 బంగారు దీనారములు. దారిలో చచ్చినను వెల చెల్లింపవలసినదే. వచ్చిన గుఱ్ఱమునకు అచట జరుగు ఉపచారమును వినుడు. పచ్చి యవలకు మారుగా వేచిన యవలు, నేతిలో ముంచిన ధాన్యము పెట్టుదురు. కాచిన ఆవుపాలు త్రాగింతురు. నలుబది దినములు మేకులకు త్రాళ్ళతో కట్టివేసి, కదలనీయక, లావెక్కింతురు. ఆపైన శిక్షణ ఏమియు లేకయే సవారి చేయుదురు. కొలదికాలములోనే మెరుపువంటి గుఱ్ఱము మందగించి, బలము చెడి, ఎందుకును పనికిరాక పోవును. ఇది వస్సాఫ్ చెప్పిన సారాంశము.

విజయనగరమునందును ఈ నష్టమునకు అంతము లేదు. సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను బ్రతికినను చచ్చినను వెల యిచ్చి కొనెననియు, సముద్రముమీద చచ్చినవాని తోక తెచ్చి చూపిన చాలుననియు పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ వ్రాసినాడు.

ఈ మరణములన్నిటికిని ఒకే కారణమని చెప్పుట తగదు. ఓడ ప్రయాణపు అలసట, మన ఎండలు, మన వానలు, ఈగలవలన వ్యాపించు 'సుర్రా' వంటి జ్వరములు — ఇవన్నియు గుఱ్ఱములను చంపినవే. సుర్రాకు కారణమైన సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఎవాన్సు అను పశువైద్యుడు పంజాబులో కనుగొనువరకు ఆ వ్యాధి తత్త్వము ఎవరికిని తెలియదు. కాని వస్సాఫ్ వర్ణించిన చిత్రములో ఒక భాగమును నేటి పశువైద్యునికి చూపినచో అతడు వెంటనే గుర్తుపట్టును. కట్టివేసిన గుఱ్ఱము, పిండిపదార్థము నిండిన దాణా, కొవ్వు, ఆపైన నడువలేని కాలు: ఈ నాలుగును నేడు ఒకే గొలుసులోని లంకెలు.

మన పూర్వులకు అశ్వశాస్త్రము తెలియదని దీని అర్థము కాదు. శాలిహోత్రుని పేర సంస్కృతమున అశ్వవైద్యము వెలసినది. తెలుగులో మనుమంచిభట్టు గుఱ్ఱముల లక్షణములను పద్యములలో గ్రంథముగా రచించినాడు. గ్రీకులు యవలు మితిమీరి తినుటవలన గుఱ్ఱమునకు వచ్చు వ్యాధికి ఆ ధాన్యము పేరుమీదుగనే పేరు పెట్టిరి. దాణాకును కాలికిని సంబంధమున్నదని ప్రాచీనులకు అనుభవముచేత తెలియును. ఆ సంబంధము ఏ దారిని పోవుచున్నదో మాత్రము తెలియదు.

ఆ దారిని అర్థము చేసికొనుటకు ముందుగా గిట్టను చూడవలెను. గుఱ్ఱపు గిట్ట మన చేతి మధ్యవ్రేలి గోరువంటిది. ఆ జంతువు నాలుగు గోళ్ళమీద నిలిచియున్నది. గిట్టలోపల ఒక ఎముక కలదు. ఆ ఎముకను గిట్టగోడకు అంటిపెట్టునవి సన్నని పొరలు. పుస్తకములోని పుటలు రెండు ఒకదానిలో నొకటి జొనిపినట్లు, ఒక్కొక్క గిట్టలో సుమారు 550 నుండి 600 వరకు ముఖ్యమైన పొరలు ఉండును. ఒక్కొక్క దానికి మరల వందకుపైగా చిన్న పొరలు ఉండును. మూడు నాలుగు వందల కిలోల శరీరము ఈ పొరల పట్టుమీద వ్రేలాడుచున్నది. ఈ పట్టు సడలినచో ఎముక క్రిందికి జారును, లేదా తిరుగును. ఆ బాధ వర్ణింపరానిది. దీనినే వైద్యులు లామినైటిస్ అందురు. ఈ మాటకు అర్థము 'పొరల వాపు'. ఈ పేరే చాలకాలము వైద్యులను దారి తప్పించినదని ఇప్పుడు తేలుచున్నది.

ఇక రెండవ దారి చక్కెరది. 1921లో కెనడాదేశమున టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను ఇరువురు ఇన్సులిన్‌ను వేరుచేసిరి. 1922 జనవరిలో అది మొదటిసారిగా ఒక మధుమేహ రోగికి ఇయ్యబడినది. రక్తములోని చక్కెరను కండలలోనికిని కొవ్వులోనికిని పంపు ద్వారపాలకుడు ఇన్సులిన్ అని మన ఇండ్లలో ఇప్పుడు చిన్నపిల్లలకును తెలియును. మనిషికి ఇన్సులిన్ చాలకున్న చక్కెర పెరుగును. గుఱ్ఱము కథ వేరు. గుఱ్ఱమునకు మూత్రములో చక్కెర పోవుట అరుదు. లావెక్కిన గుఱ్ఱమునందు కండలు ఇన్సులిన్ మాట వినుట మానును. అప్పుడు దాని క్లోమము మరింత మరింత ఇన్సులిన్‌ను కుమ్మరించి చక్కెరను ఎట్లో అదుపున నుంచును. బయటికి అంతయు సరిగానే యున్నట్లు కనబడును. లోపల ఇన్సులిన్ వరదవలె పొంగుచుండును.

ఈ వరదవలన గిట్ట చెడునా? 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు దీనిని సూటిగా పరీక్షించిరి. ఆరోగ్యముగా నున్న అయిదు చిన్నజాతి గుఱ్ఱములకు రక్తములో చక్కెరను మామూలు స్థాయిలోనే నిలిపి, ఇన్సులిన్‌ను మాత్రము ఎక్కువ మోతాదులో ఎడతెగక ఎక్కించిరి. మూడు దినములలోపల అయిదింటికిని గిట్టలు చెడినవి. 2010లో పెద్దజాతి గుఱ్ఱములమీద చేసిన పరీక్షలోను రెండు దినములలో అదే ఫలితము వచ్చినది. పొరలలోని జీవకణములు సాగిపోయి పట్టు సడలుచున్నవి. పేరులో 'వాపు' ఉన్నను, ఈ విధమైన వ్యాధిలో మొదట జరుగునది వాపు కాదు, సాగుట. ఏడువందల ఏండ్ల క్రితము కాచిన పాలు, నేతి దాణా పెట్టి మేకులకు కట్టిన గుఱ్ఱముల కాళ్ళలో ఏమి జరిగియుండవచ్చునో ఇప్పుడు మనము ఊహింపవచ్చును.

మూడవ దారి మందులది. వాపును, నొప్పిని తగ్గించు ఔషధములకు చక్కెరతో సంబంధమున్నదని మొదట కనిపెట్టినది పందొమ్మిదవ శతాబ్దిలోనే. 1876లో ఎబ్‌స్టైన్ అను జర్మను వైద్యుడు, విల్లో చెట్టు బెరడునకు చుట్టమైన సోడియం శాలిసిలేటు ఇచ్చినప్పుడు మధుమేహ రోగుల మూత్రములో చక్కెర తగ్గుటను గమనించినాడు. 1899లో ఆస్పిరిన్ అంగడికి వచ్చినది. 1948లో అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాత రోగికి కార్టిజోన్ ఇచ్చి లోకమును ఆశ్చర్యపరచినాడు. 1949లో స్విట్జర్లాండులోని గైగీ సంస్థ ఫెనైల్‌బ్యుటజోన్ అను మందును తెచ్చినది. ఇది రక్తమునకు చేయు కీడువలన మనుష్యులలో చాలవరకు విడువబడినను గుఱ్ఱపుసాలలో మాత్రము స్థిరపడిపోయినది.

పేరునకు ఇవన్నియు వాపు తగ్గించు మందులే. కాని గుఱ్ఱపు ఇన్సులిన్ దృష్టిలో ఇవి రెండు విరుద్ధ కుటుంబములు. కార్టిజోన్ వంశమునకు చెందిన డెక్సామెథసోన్, ట్రయామ్సినలోన్ వంటి స్టెరాయిడ్లు శరీరమును ఇన్సులిన్ మాట విననీయవు. ఆ కారణమున ఇన్సులిన్ మరింత పెరుగును. కీలులో వేసిన సూదిమందుకూడ రక్తములోనికి చేరి కొన్ని దినములపాటు ఈ పని చేయును. లావెక్కిన గుఱ్ఱమునకు, ఒకసారి కాలు చెడిన గుఱ్ఱమునకు ఇది నిప్పులో నెయ్యి పోసినట్లు. ఫెనైల్‌బ్యుటజోన్ వంశము అట్టిది కాదు. ఆస్ట్రేలియాలోనే ఇటీవల జరిగిన పరీక్షలలో, ఇన్సులిన్ అదుపు తప్పిన గుఱ్ఱములకు ఈ మందు ఇచ్చి చక్కెర త్రాగించి చూచినప్పుడు ఇన్సులిన్ పొంగు కొంత తగ్గినట్లు తెలిసినది. ఎబ్‌స్టైన్ 1876లో చూచిన ఛాయ మరల ఇక్కడ కనబడుచున్నది.

అంతమాత్రమున ఇది ఇన్సులిన్‌కు వైద్యమని పొంగిపోరాదు. పరీక్షింపబడిన గుఱ్ఱములు కొద్ది. ఈ మందు ఎక్కువైనచో కడుపులో పుండ్లు పడును, ప్రేగు చెడును, మూత్రపిండములు దెబ్బతినును. అన్నిటికంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. నొప్పి తగ్గినంతమాత్రమున పొరల పట్టు తిరిగి రాలేదు. నిన్న కాలు మోపని గుఱ్ఱము నేడు నడచుచున్నదని పనికి కట్టినచో, తెలియని నొప్పితో ఎముక మరింత జారును. నొప్పి గుఱ్ఱమునకు శత్రువే. కాని అదే దానికి కాపలాదారుకూడ.

ఇది రాజుల గుఱ్ఱపుసాలలతో ముగిసిన కథ అయినచో ఇంత చెప్పవలసిన పని లేదు. జట్కాలు పోయినవి. నేడు తెలంగాణ పట్టణములలో పెండ్లి ఊరేగింపులకని ఒకటి రెండు గుఱ్ఱములను పోషించి జీవించు కుటుంబములు కలవు. ముహూర్తములున్న నెలలలో ఆ గుఱ్ఱమునకు రాత్రులందు పని. ముహూర్తములు లేని నెలలలో కట్టుకొయ్యయే గతి. పెండ్లివారు ప్రేమతో లడ్డు తినిపింతురు, పిల్లలు బెల్లపుముక్క అందింతురు, యజమాని నిగనిగలాడవలెనని దాణా పెంచును. వస్సాఫ్ చూచిన నలుబది దినముల ఉపచారము ఇట్లు మరియొక రూపమున తిరిగి వచ్చుచున్నది. గుఱ్ఱము కుంటినచో ఇల్లు గడవదు. అందుచేత తొందరపడి, ఏ సూదిమందు దొరికిన అది వేయించుటకు సిద్ధపడుదురు. ఆ తొందరలో స్టెరాయిడు పడినచో ఆ కుటుంబము గుఱ్ఱమునే కోల్పోవచ్చును.

కావున కొన్ని గుర్తులు తెలిసియుండుట మేలు. మెడపైన జూలు క్రింద కొవ్వు గట్టిపడి దిమ్మెకట్టినచో అది అందము కాదు, హెచ్చరిక. ముందుకాళ్ళను చాపి బరువును వెనుకకు వేసి నిలుచుట, మలుపు తిరుగుటకు జంకుట, గిట్టను తాకిన వేడిగా నుండుట, గిట్టపైన నాడి గట్టిగా కొట్టుకొనుట — ఇవి లామినైటిస్ గుర్తులు. అప్పుడు నడిపింపరాదు. మెత్తని ఇసుకలోనో మందపు గడ్డిపరుపుమీదనో నిలిపి పశువైద్యుని పిలువవలెను. ఈ గుఱ్ఱము లావెక్కినదనియు, దీనికి ఏ ఏ మందులు ముందు ఇచ్చితిమనియు ఆయనకు మొదటనే చెప్పవలెను. ఆ ఒక్కమాటయే స్టెరాయిడు సూదిని ఆపగలదు. వరంగల్లునకు చేరువనే మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది. రాజేంద్రనగరములోను కలదు. మార్కోపోలో నాటి రాజులకు దొరకని వైద్యుడు నేడు మనకు దూరములో లేడు.

వెనుకటివారు కుంటు గుఱ్ఱమును చెరువునీటిలో నిలుపుటను మోటుపద్ధతి యని నవ్వినవారు కలరు. ఆస్ట్రేలియాలోనే వాన్ ఎప్స్, పొల్లిట్ అను పరిశోధకులు 2004లో గిట్టలను మంచునీటిలో నిలిపినచో మరియొక విధమైన లామినైటిస్‌ను అరికట్టవచ్చునని చూపిరి. నేడు ఇన్సులిన్‌వలన వచ్చినదానికిని వ్యాధి తొలిదశలో మంచును వాడుచున్నారు. మన చెరువునీరు మంచునీరు కాజాలదు. కాని ఆ ఆలోచనలో తప్పు లేదు.

అసలైన మందు మాత్రము మేతలోనే యున్నది. లావెక్కిన గుఱ్ఱమునకు ఎండుమేత దాని బరువులో నూటికి ఒకటిన్నర వంతు చాలును. 300 కిలోల గుఱ్ఱమునకు దినమునకు నాలుగున్నర కిలోలు. ఆ గడ్డిని గంటసేపు నీటిలో నానబెట్టి, ఆ నీటిని పారబోసి పెట్టినచో దానిలోని చక్కెర కొంత తగ్గును. బెల్లము, మిఠాయి, రొట్టె పూర్తిగా మానవలెను. ఉలవలు చేసిన నేరమేమియు లేదు. దినమంతయు బండి లాగిన గుఱ్ఱమునకు ఉలవగుగ్గిళ్ళు బలమే. కట్టుకొయ్యకు కట్టిన గుఱ్ఱమునకు ఏ గింజయైనను మితము దాటినచో భారము. అట్లని ఒక్కసారిగా మాడ్చుటయు తగదు. లావైన తట్టువను పస్తుంచినచో దాని కొవ్వు కరగి రక్తములో నిండి ప్రాణముమీదికి వచ్చును. కాలు పూర్తిగా బాగుపడిన తరువాత దినదినము నడిపించుట ఇన్సులిన్‌ను అదుపున నుంచును.

గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని మనవారు పరిహాసముగా అందురు. పని లేకున్నను తిండి మాత్రము తగ్గదని దాని భావము. పనిలేని గుఱ్ఱమునకు ఆ దాణాయే శత్రువగునని మన తరమున తేలినది. ఓరుగంటి రాజులు వేల దీనారములు పోసి అరబ్బు గుఱ్ఱమును తెప్పించుకొనగలిగిరి. దాని దేహము బక్కగడ్డి కొఱకు, దూరపు నడక కొఱకు పుట్టినదన్న సంగతిని మాత్రము ఏ ఓడయు వారికి తెచ్చి ఇయ్యలేదు. మనకు ఆ సంగతి తెలిసినది. పెండ్లిపందిటి ముందు అలంకరించి నిలిపిన గుఱ్ఱమునకు మిఠాయి చాపిన చేతిని మృదువుగా వారించి, గుప్పెడు గడ్డి అందించుటయే దానిపై మనకున్న ప్రేమకు తగిన గుర్తు.